వద్దనుకున్న ఆడదాన్ని ఏమంటారు?

మా పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లలు వద్దనుకున్నాం. నిజం చెప్పాలంటే వద్దనుకున్నది నేను, ఆయన ఒప్పుకున్నాడు. మా అమ్మ మాత్రం బంధువులతో ‘మందులు వాడుతోంది’ అని చెబుతుంది. కూతురు గొడ్రాలనిపించుకోవడం ఆవిడకి బాధే. అయినా కావాలనే కనలేదని చెప్పుకోవడం కన్నా అదే నయం. పిల్లలు పుట్టనివాళ్ల మీద జాలిపడ్డానికి మనకి మాటలున్నాయి, మొక్కులున్నాయి. వద్దనుకున్నదానికి తిట్లే తప్ప పేరు లేదు.

సాహిత్యంలోనూ చాలాకాలం ఇంతే. పెరుమాళ్ మురుగన్ ‘మాదొరుబాగన్’ (2010)లో పొన్నది బిడ్డ కోసం పడిన వేదన. మన స్త్రీవాద కవిత్వం కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’లతో కనడంలోని హింసనీ, కడుపు పోగొట్టుకోవడంలోని హింసనీ బయటపెట్టింది. అది చిన్న పని కాదు. కానీ అసలు తల్లి కావాలనే అనుకోని స్త్రీ అక్కడా అరుదే.

1973లో టోనీ మారిసన్ ‘సులా’లో ఒక నల్లజాతి యువతి పిల్లల్ని కనమన్న అమ్మమ్మకి ఎదురు చెబుతుంది. ఆమెని ఊరు వెలివేసినంత పని చేస్తుంది. షీలా హెటి ‘మదర్‌హుడ్’ (2018)లో కథకురాలు కనాలా వద్దా అని నాణేలు ఎగరేసి అడుగుతూ పుస్తకమంతా గడుపుతుంది. నాకు కాస్త విసుగొచ్చిందని ఒప్పుకోవాలి. అంత తీరిక ఎంతమందికి దొరుకుతుంది?

మెక్సికో రచయిత్రి గ్వాదలూపె నెట్టెల్ 2020లో రాసిన నవల ఇంగ్లీషులో ‘స్టిల్ బోర్న్’గా వచ్చింది. అందులో లారా కథ మొదట్లోనే ఆపరేషన్ చేయించుకుంటుంది. తర్వాత పక్కింటి పిల్లవాడికి దగ్గరవుతుంది, బిడ్డ బతకదని డాక్టర్లు చెప్పిన స్నేహితురాలికి తోడుగా ఉంటుంది. రచయిత్రి ఆమెని శిక్షించదు, పశ్చాత్తాపపడేలా చెయ్యదు. పిల్లల మీద ప్రేమ ఉండటం వేరు, తల్లి కావాలనుకోవడం వేరు అని ఇంత మామూలుగా చెప్పిన నవల నేను చదవలేదు.

ఆపరేషన్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరు పిల్లలు దాటితే పోటీకి అనర్హులంది. 2024లో అదే రాష్ట్రం ఆ నిబంధన ఎత్తేసి, ఎక్కువమందిని కనమంటోంది. వద్దన్నా, కనమన్నా లెక్క రాజ్యానిదే. కేంద్రం 2006 నాటి ప్రమాణాల్లో ఆపరేషన్‌కి ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉండాలని రాసింది. నేను అడిగినప్పుడు డాక్టరమ్మ ‘ముందు ఒకర్ని కనేసి రామ్మా’ అంది, దయగానే.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అమ్మకి లారా కథ చెప్పాను. వంకాయలు తరుగుతూ అంతా విని, ఒక్కటే అడిగింది:

“వాళ్లమ్మ చుట్టాలకి ఏం చెప్పిందిట?”