వేలిముద్రల రిజిస్టర్ నుంచి ఆధార్ దాకా: మన వివరాలు, కోర్టు మెట్లు



హాస్టల్లో అటెండెన్స్‌కి వేలు పెట్టాలి. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి మీసేవకి పోయి వేలు పెట్టాలి. ఊళ్ళో అమ్మానాన్నలు రేషన్ కోసం వేలు పెట్టాలి, సిగ్నల్ లేకపోతే గుట్టెక్కి మళ్ళీ పెట్టాలి. ఇదంతా ఎంత అలవాటైపోయిందంటే, ఆ ముద్ర ఎక్కడికి పోతోంది, ఎవరు చూస్తున్నారు అని అడగడం కూడా మానేశాం. "ప్రైవసీ అనేది సిటీలో డబ్బున్నోళ్ళ గోల, తిండికీ చదువుకీ తిప్పలు పడే మనకెందుకు" అని మనలోనే చాలామంది అంటున్నారు. ఆ మాటకి జవాబుగా రాస్తున్నాం ఇది. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఈ దేశంలో సర్కారు రిజిస్టర్ పెట్టి, వేలిముద్రలు తీసుకుని, ఎక్కడికి పోతున్నారో ఎప్పుడొస్తున్నారో రాసుకున్న తొలి జనాల్లో మనోళ్ళున్నారు.

బ్రిటిష్ వాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. ముందు ఉత్తరాదిన అమలైంది. 1911లో ఆ చట్టాన్ని తిరగరాశాక మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన వైపు ఎరుకల, యానాదుల్లో కొన్ని గుంపులు, కొన్ని చోట్ల సుగాలీలు, దొమ్మరులు ఇందులోకి వచ్చారు. పద్ధతి ఇలా ఉండేది. ప్రభుత్వం ఒక తెగని 'నేరస్థ తెగ' అని గెజిట్‌లో ప్రకటిస్తుంది. జిల్లా మేజిస్ట్రేట్ ఆ తెగ వాళ్ళ పేర్లతో రిజిస్టర్ తయారు చేయిస్తాడు. పేరెక్కిన మనిషి వేలిముద్రలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. చెప్పిన టైముకి వచ్చి హాజరు వేయించుకోవాలి, ఇల్లు మారితే చెప్పాలి. ఆ మనిషి దొంగతనం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. పుట్టుకే ఆధారం. ఇక బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సంగతి అందరికీ తెలిసిందే. సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఎరుకల కుటుంబాలని పెట్టి నడిపిన సెటిల్మెంట్ అది. ఆ ఊరి పేరు మీద సినిమాలొచ్చాయి గానీ, ఆ రిజిస్టర్ గురించి ఎవరూ సినిమా తీయలేదు.

ఆ చట్టంలో మేము అన్నిటికన్నా ముఖ్యమైనదిగా చూసేది ఇంకొకటుంది. ఫలానా తెగని ఎందుకు ప్రకటించారు అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. రిజిస్టర్ ఉంటుంది, దాన్ని ప్రశ్నించే చోటు ఉండదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాని జాగాలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలొచ్చాయి. పోలీస్ స్టేషన్లో హిస్టరీ షీట్ మాత్రం ఎప్పట్లాగే ఉండిపోయింది.

గోప్యత గురించి స్వతంత్ర భారతంలో జరిగిన పెద్ద పోరాటం మొదలైంది కూడా హిస్టరీ షీట్ దగ్గరే. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే ఆయన మీద 1941లో దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. శిక్ష పడలేదు. అయినా పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి కానిస్టేబుళ్ళు, చౌకీదార్లు వచ్చి తలుపు కొట్టి, కేకలేసి, నిద్రలేపి చూసుకుని పోయేవారు. ఊరు దాటితే చెప్పి పోవాలి, ఎక్కడికి పోతే అక్కడి పోలీసులకి కబురు పోతుంది. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీల బెంచ్ తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటి మీదకి రావడం తప్పు అంది. మిగతా నిఘా అంతా సరే అంది. గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని మెజారిటీ జడ్జీలు తేల్చేశారు.

ఒప్పుకోని ఇద్దరిలో తీర్పు రాసింది మన తెలుగాయన, రాజమండ్రి నుంచి వచ్చిన కోకా సుబ్బారావు గారు. ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. రాజ్యాంగంలో గోప్యత అనే మాట కనిపించకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయలేని భాగమని సుబ్బారావు గారు రాశారు. ఇంకో మాట కూడా అన్నారు, అది చదివినప్పుడల్లా మాకు సెటిల్మెంట్లే గుర్తొస్తాయి. కాళ్ళకి సంకెళ్ళు వేయకపోయినా, వెనక ఎవరో చూస్తున్నారని తెలిసి నడిచే మనిషి స్వేచ్ఛగా నడుస్తున్నట్టు కాదు అన్నది దాని సారం. అందుకే తలుపు కొట్టడం ఒక్కటే కాదు, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు. ఓడిపోయిన అభిప్రాయం కాబట్టి అది చట్టం కాలేదు. 55 ఏళ్ళు పుస్తకంలోనే ఉంది.

మధ్యలో జరిగింది క్లుప్తంగా చెప్తాం. 1975లో మధ్యప్రదేశ్‌కి చెందిన గోవింద్ అనే హిస్టరీ షీటర్ కేసులో, గోప్యత హక్కు ఉండొచ్చు అని కోర్టు కాస్త మెత్తబడింది, కానీ నిఘా నిబంధనలని కొట్టేయలేదు. ఫోన్ ట్యాపింగ్ మీద పీయూసీఎల్ వేసిన కేసులో 1996లో తీర్పొచ్చింది. ట్యాపింగ్‌కి హోం సెక్రటరీ ఆర్డర్ ఉండాలి, అది రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, రివ్యూ కమిటీ చూడాలి అని నియమాలు పెట్టారు. బాగానే ఉంది గానీ ఆర్డర్ ఇచ్చేదీ ప్రభుత్వమే, సరిగ్గా ఇచ్చారా అని చూసేదీ ప్రభుత్వ అధికారులే. ముందుగా జడ్జి అనుమతి తీసుకోవాలన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు.

అప్పుడు ఆధార్ వచ్చింది. 2012లో రిటైర్డ్ హైకోర్టు జడ్జి కె.ఎస్. పుట్టస్వామి గారు సుప్రీంకోర్టులో కేసు వేశారు. అప్పటికి ఆయనకి 86 ఏళ్ళు. పార్లమెంటు చట్టం చేయకుండా కోట్ల మంది వేలిముద్రలు, కంటిపాపలు ఎలా తీసుకుంటారన్నది ఆయన ప్రశ్న. ఆధార్ చట్టం వచ్చింది 2016లో, అంటే కేసు పడిన నాలుగేళ్ళకి. 2015లో కేంద్రం తరఫు లాయర్ లేచి, అసలు గోప్యత ప్రాథమిక హక్కే కాదన్నారు. దానికి చూపించినవి రెండు పాత తీర్పులు, 1954 నాటి ఎం.పి. శర్మ కేసు, 1962 నాటి ఖడక్ సింగ్ కేసు. అర్ధరాత్రి తలుపు కొట్టించుకున్న మనిషి కేసుని 53 ఏళ్ళ తర్వాత దేశం మొత్తం మీద ప్రయోగించారన్నమాట.

దాంతో తొమ్మిది మంది జడ్జీల బెంచ్ కూర్చుంది. కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారు అందులో ఒకరు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాట చెప్పారు: గోప్యత ప్రాథమిక హక్కు. ఖడక్ సింగ్ తీర్పులో ఆ హక్కు లేదన్న భాగం కొట్టేశారు, సుబ్బారావు గారి మాటే నిలిచింది. ప్రభుత్వం మన సమాచారం తీసుకోవాలంటే దానికో చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి తీసుకోకూడదు అన్నారు.

ఆ విచారణలోనే కేంద్రం, మనోళ్ళు అనే మాటే అంది. గోప్యత పైస్థాయి వాళ్ళ వ్యవహారం, పేదలకి కావాల్సింది సంక్షేమం అని. జడ్జీలు దాన్ని గట్టిగానే తిప్పికొట్టారు. పేదవాళ్ళకి తిండి చాలు, హక్కులెందుకు అన్న వాదనతోనే చరిత్రలో ఘోరమైన హక్కుల ఉల్లంఘనలు జరిగాయన్న అర్థంలో రాశారు. సిటీ వాళ్ళ గోల అనుకునే మిత్రులు ఈ భాగం తప్పక చదవాలి.

ఏడాదికే, 2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద అసలు తీర్పొచ్చింది. ఇక్కడే మా అసంతృప్తి. బ్యాంకు ఖాతాకి, మొబైల్ సిమ్‌కి ఆధార్ తప్పనిసరి కాదన్నారు. స్కూల్ అడ్మిషన్‌కి, నీట్ లాంటి పరీక్షలకి అడగకూడదన్నారు. ప్రైవేటు కంపెనీలు కాంట్రాక్టు పేరుతో వాడుకునే దారి మూసేశారు. కానీ సబ్సిడీ, పథకం, రేషన్ కావాలంటే మాత్రం ఉండాల్సిందే అన్నారు. అంటే సిమ్ కొనుక్కునేవాడికి ఆధార్ ఇవ్వననే హక్కుంది, రేషన్ తెచ్చుకునేవాడికి లేదు. వేలిముద్ర పడలేదని ఎవరికీ తిండి ఆపకూడదని అదే తీర్పులో ఉంది. డిపో దగ్గర అది ఎంత అమలవుతోందో మన ఏజెన్సీ ఊళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క జస్టిస్ చంద్రచూడ్ మాత్రం చట్టం మొత్తం చెల్లదని రాశారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్ష మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతంతో సహా ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని బయటపడింది.

తర్వాతి చట్టాలు రెండు వైపులా లాగుతున్నాయి. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం అరెస్టయిన వాళ్ళ వేలి, అరచేతి ముద్రలు, కంటిపాప స్కాన్లు తీసుకుని 75 ఏళ్ళు దాచొచ్చు. నిర్దోషి అని తేలితే చెరిపేయాలని ఉంది, కోర్టు వద్దంటే తప్ప. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కంపెనీలకి అందులో కోట్ల రూపాయల జరిమానాలున్నాయి. అదే చట్టం కింద దేశభద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థకైనా పూర్తి మినహాయింపు ఇవ్వొచ్చు. పైగా దాంతోనే సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత వివరం అని చెప్పి సమాధానం నిరాకరించడం సులువు చేశారు. సర్కారు మనల్ని చూడ్డానికి తలుపు తెరిచుంది, మనం సర్కారుని చూసే కిటికీ సన్నబడింది.

అయినా కోర్టుకి పోతే ఏమీ రాదని మేము అనం. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో, జైలు రిజిస్టర్లలో కులం రాసే కాలమ్ తీసేయమంది. విముక్త జాతుల వాళ్ళని పుట్టుకతో అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలు చెల్లవంది. ఆ తీర్పులో 1871 చట్టం గురించి పేజీలకి పేజీలు ఉంది.

ఇంకొకటి. ఆధార్ వాడిన ప్రతిసారీ పడే రికార్డుని ముందు ఐదేళ్ళు దాచేవారు. 2018 తీర్పు దాన్ని ఆరు నెలలకి తగ్గించింది. గత ఆరు నెలల్లో మన వేలు, మన ఓటీపీ ఎక్కడెక్కడ వాడారో ఆధార్ వెబ్‌సైట్లో అథెంటికేషన్ హిస్టరీ అనే చోట చూసుకోవచ్చు, అక్కడే బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టుకోవచ్చు. ఈ వారం చూడండి. మీరు వెళ్ళని చోట వాడినట్టు కనిపిస్తే స్క్రీన్‌షాట్‌లో నంబరు కనపడకుండా చెరిపి గ్రూప్‌లో పెట్టండి, ఫిర్యాదు ఎలా రాయాలో అందరం కలిసి చూద్దాం.