మన జట్టు

ఫుట్‌బాల్ మైదానంలో బంతి ఒకటి, ఆడేవారు ఇరవైఇద్దరు. ఆ బంతి వెంట మనస్సును పరుగెత్తించేవారు మాత్రం లెక్కకు అందరు. వారు బంతిని తాకరు. వారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. అయినా జట్టు ఓడిన రాత్రి అన్నం సహించనిది వారికి. గెలిచిన మరునాడు ముఖపరిచయం లేనివానిని సైతం ఆపి పలకరించేది వారు. ఆటగాండ్ర చరిత్రను పెద్దలు వ్రాసిపెట్టినారు. అభిమానుల చరిత్ర వారి గుండెలలోనే ఉండిపోయినది. హైదరాబాదు ఫుట్‌బాల్ కథను ఈ పూట ఆ వైపునుండి చెప్పుకొందాము.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకనాటి వరంగల్లు జిల్లాలోనివి. 2016లో మూడూ వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనవి. జనగామ సికిందరాబాదునుండి కాజీపేటకు పోయే రైలుమార్గం మీద ఉన్నది. మహబూబాబాద్ కాజీపేట దాటి విజయవాడకు పోయే దారిలో ఉన్నది. భూపాలపల్లి బొగ్గుగనుల ఊరు. రైలెక్కవలెనంటే ముందు వరంగల్లుదాకా బస్సులో పోవలసినదే. ఈ ఊళ్లలో ఫుట్‌బాల్‌ను ప్రేమించేవాడు నిత్యం మైదానపు మెట్ల మీద కూర్చుండి కేకలు వేయగల అభిమాని కాడు. అతనిది దూరపు అభిమానం, ఫలితం చెవిని పడేదాకా ఎదురుచూచే అభిమానం. మా రేడియోవారికి ఇటువంటివానితోనే చుట్టరికం ఎక్కువ. వార్తలు చదివేవాడు గెలుపునూ ఓటమినీ ఒకే గొంతుతో చదువవలెను. అది మా వృత్తిధర్మం. ఆ ఒక్క వాక్యానికి ఏ ఇంటిలో గుండె ఎగసినదో, ఏ ఇంటిలో క్రుంగినదో మాకు కనబడదు.

1950లో దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసినది. అదే సంవత్సరం సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆయన ఉస్మానియా పట్టభద్రుడు, వృత్తి చేత బడిపంతులు, 1943నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. బంతిని ఊరకే గాలిలోకి తన్నిపారవేయక నేలమీదనే చిన్నచిన్న పాసులతో నడిపించండి, రెండు కాళ్లకూ సమానంగా పని చెప్పండి అని ఆయన బోధ. పంతులుగారి పాఠం ఫలించినది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును పోలీసు జట్టు 1950నుండి 1954దాకా వరుసగా ఐదుసార్లు గెలిచినది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును 1950లోనూ, 1954లోనూ తెచ్చినది. సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి ఎన్నో ఏండ్లు కాలేదు. 1948నాటి గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నవి. అటువంటి కాలంలో ఏ మతంవాడైనా, ఏ భాషవాడైనా సంకోచం లేకుండా 'మన జట్టు' అనగలగడం చిన్న సంగతి కాదని మేము అనుకొంటాము.

అభిమాని సంతోషానికి ఆయుస్సు తక్కువ. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణ పొందిన భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకం గెలిచినది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో అదే భారతదేశం యుగోస్లావియా చేతిలో ఓడినది. మనకు ఒక గోలు, వారికి పది. హైదరాబాదువారైన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌లు ఆ ఒలింపిక్సుకు వెళ్లిన జట్టులోనివారు. ఆ చలిలో మనవారిలో పలువురు ఉత్తకాళ్లతో ఆడినారు. 'పది' అన్న మాట విన్నప్పుడు ఎందరు తమ చెవులను తామే నమ్మకపోయినారో! అభిమానికి ఇటువంటి వేళ మొదట సిగ్గు కలుగుతుంది. నలుగురిలోకి పోబుద్ధి కాదు. తరువాత వాదం పుట్టుతుంది: బూట్లు ఉంటేనా, చలి లేకుంటేనా అని. ఆ వాదం ఎవరినీ ఒప్పించడానికి కాదు, మళ్లీ ఆశ పెట్టుకొనడానికి దారి వెదకుకొనడమే.

ఆ ఆశ నాలుగేండ్లకు పండినది. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగా నెలరోజులైన 1956 డిసెంబరు 1నాడు మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆతిథేయి ఆస్ట్రేలియాను 4–2తో ఓడించినది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసినాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌లు ఈసారీ జట్టులో ఉన్నారు. వారితోపాటు సికిందరాబాదు ప్రాంతపు అమ్ముగూడలో పెరిగిన యువకుడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్లీ యుగోస్లావియా. మొదటి గోలు మనదే అయినది. హెల్సింకీ బాకీ తీరిందని గుండె ఎగసినది. కాసేపటికే ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు గోళ్లు పడి 4–1 అయినది. కాంస్యపతకపు పోటీలో బల్గేరియా 3–0తో గెలిచినది. నాలుగవ స్థానం గొప్పదని బుద్ధికి తెలుసు; మనస్సు మాత్రం మనం ముందున్న ఆ కొద్ది నిమిషాల దగ్గరనే ఆగిపోతుంది.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ ఆసియా క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయుడైన గురుదత్ సోంధీ ఆక్షేపించినందున అక్కడి జనం మనవారి మీద ఆగ్రహంతో ఉన్నారు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనను 2–0తో ఓడించినది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియా ఎదురైనది. స్టేడియం నిండా మన ఓటమిని కోరేవారే. గోలులో హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. ముందు వరుసలో హైదరాబాదీలు బలరామ్, యూసుఫ్ ఖాన్. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా 2–1తో స్వర్ణం మనదైనది. తొమ్మిది నెలలు దాటినంతనే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సరుతో కన్నుమూసినాడు. జకార్తా విజయం ఆయన చివరి పాఠమైనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మనకు దక్కలేదు.

అటుపిమ్మట హైదరాబాదు అభిమాని సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే అనుభవించడం నేర్చుకొన్నాడు. సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ 1965–66లో గెలిచినది. 1970 ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. అయితే కలకత్తా క్లబ్బులు పిలువగా బలరామ్ వెళ్లినాడు, నయీముద్దీన్ వెళ్లినాడు, తరువాతి తరంలో షబ్బీర్ అలీ వెళ్లినాడు. ఇంటి ఆడపడుచు అత్తవారింట పచ్చగా ఉన్నదంటే సంతోషమే. పుట్టినింటి ముంగిలి మాత్రం బోసిపోతుంది. పోలీసు జట్టు ఒక గురువు మీద, ఒక శాఖలోని ఉద్యోగాల మీద నిలిచిన జట్టు. గురువు పోయినాడు, ఉద్యోగాల ఆకర్షణ తగ్గినది, 1983 తరువాత పిల్లల చేతికి బంతి కంటె ముందు బ్యాటు వచ్చినది.

చాలాకాలానికి 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే జట్టు వచ్చి ఇండియన్ సూపర్ లీగులో చేరినది. గచ్చిబౌలిలో రాత్రి ఏడున్నరకు ఆట మొదలైతే జనగామవాడు ఎలాగో ఇల్లు చేరగలడు. భూపాలపల్లివాడు ఆ రాత్రి పట్నంలోనే తెల్లవార్చవలెను. ఆ ఏడు జట్టు అట్టడుగున నిలిచినది. తరువాతి రెండు సీజన్లలో కరోనా కారణంగా ఆటలన్నీ గోవాలోనే జరిగినవి. సొంత మైదానం తలుపులు మూతపడినవి. సరిగా ఆ కాలంలోనే జట్టు ఎదిగినది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. మెట్లన్నీ కేరళవారి పసుపు రంగే. ఒక గోలు వెనుకబడి 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో సమం చేసి, పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపగా, 3–1తో హైదరాబాదు విజేత అయినది. అరవై ఏండ్లనాటి జకార్తా వలెనే ఇదీ ఎదుటివారి కేకల నడుమ గెలిచిన గెలుపు, మనవారు దూరాన ఉండి ఆనందించిన గెలుపు.

రెండేండ్లు తిరిగేసరికి ఆర్థికపు చిక్కులు చుట్టుముట్టినవి. పేరున్న ఆటగాండ్రు వెళ్లిపోయినారు. 2023–24లో 22 పోటీలాడి ఒక్కదానినే గెలిచినారు. యాజమాన్యం మారినది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు సైతం మార్చుకొన్నది. ఓటమిని ఓర్చుకొనడం అభిమానికి అలవాటే. వచ్చే ఏడు అన్న మాట ఒకటి ఉంటుంది. జట్టే లేనివానికి వచ్చే ఏడు ఏది?

ఇక్కడ న్యాయంగా మరొక మాట చెప్పవలెను. 2019లో మనకు ఆ జట్టు వచ్చినది పూణే జట్టు మూతపడిన చోటినుండి. అదే ఏడు ఢిల్లీవారి జట్టు భువనేశ్వర్ తరలినది. అంటే మనం పండుగ చేసుకొన్ననాడు పూణేలో ఎవరో జెండా మడిచి పెట్టెలో పెట్టినారు. ఈనాడు మనం మడుస్తున్నాము. ఆనాడు వారి దుఃఖం మనకు తోచలేదు. ఇప్పుడు తోచుతున్నది.

జట్టును కొనవచ్చును, అమ్మవచ్చును, పేరు మార్చవచ్చును. జకార్తా ఫలితం విని ఇంటివారందరూ ఒక్కసారి లేచి నిలుచున్న క్షణాన్ని ఎవరూ కొనిపోలేరు. అయితే దానికీ ఒక ప్రమాదం ఉన్నది, మరుపు. రహీం కుమారుడు, ఒలింపియన్ హకీం 2021లో పోయినాడు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో పోయినాడు. ఆ ఆటలు విన్న చెవులు కూడ ఒక్కటొక్కటిగా తగ్గిపోతున్నవి. 1962లో పదేండ్లవాడు ఈనాడు డెబ్బది దాటినవాడు. మీ ఇంటిలో అటువంటి పెద్దవారు ఉన్నట్లయితే ఈ రాత్రి వార్తలయిన పిమ్మట రేడియో కట్టి, ఆ రోజు సంగతి అడగండి. వారు మొదలుపెట్టే మొదటి మాట 'మన జట్టు' అనియే ఉంటుందని మా నమ్మకం.