మొబైల్ అనువర్తనాల స్థానికీకరణ

మొబైల్ అనువర్తనాల స్థానికీకరణ అనగా ఒక భాషలో తయారైన మొబైల్ అనువర్తనాన్ని, అంటే యాప్‌ను, ఇతర భాషలవారు తమ భాషలోనే వాడుకొనేలా సిద్ధం చేయడం. ఇందులో రెండు దశలున్నాయి. ప్రోగ్రామును ఏ భాషకైనా ఒదిగేలా నిర్మించడాన్ని అంతర్జాతీయీకరణ అంటారు. అలా నిర్మించినదానిని ఒక నిర్దిష్ట భాషకు, ప్రాంతానికి అమర్చడాన్ని స్థానికీకరణ అంటారు. మొదటి పనిలో లోపముంటే ఎంత సమర్థుడైన అనువాదకుడైనా రెండవదానిని చక్కదిద్దలేడు.

పని చేసే విధానం

తెరపై కనిపించే మాటలను ప్రోగ్రాములో కలిపి వ్రాయకుండా విడిగా ఒక ఫైలులో ఉంచుతారు. ఆండ్రాయిడ్‌లో ప్రతి భాషకూ ఒక ఫోల్డరు ఉంటుంది. తెలుగు ఫోల్డరు పేరు చివర ఐ.ఎస్.ఓ. 639-1 ప్రకారం "టి", "ఇ" అనే రెండక్షరాల సంకేతం చేరుతుంది. ఫోను భాష తెలుగైతే ఆ ఫైలులోని మాటలు కనిపిస్తాయి. అందులో లేని వాక్యం మూలభాషలోనే వస్తుంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు ఉన్న తెరలకు సాధారణంగా కారణం ఇదే. ఐఫోన్లలో 2019 నుండి (ఐఓఎస్ 13), ఆండ్రాయిడ్‌లో 2022 నుండి (ఆండ్రాయిడ్ 13) ఒక్కొక్క అనువర్తనానికి విడిగా భాషను ఎంచుకొనే వీలుంది.

వ్యాకరణ సమస్యలు

అసలు చిక్కు ఖాళీలున్న వాక్యాలతో వస్తుంది. "ఫలానావారికి సందేశం పంపబడింది" అనే వాక్యంలో పేరు స్థానాన్ని ఖాళీగా ఉంచి, దాని ప్రక్కన "కు" అని వ్రాస్తే "సీతకు" సరిగానే వస్తుంది గాని "హరికు" అని తప్పు వస్తుంది. పేరు ఇకారాంతమైతే "కి" రావాలని ప్రోగ్రాముకు తెలియదు. అందువలన అనుభవజ్ఞులు విభక్తి అవసరం లేకుండా "సందేశం అందుకొన్నవారు: హరి" అన్నట్లు వాక్యాన్నే మారుస్తారు. "పంపాడు", "పంపింది" అనే లింగభేదాన్ని "పంపారు" అనే గౌరవరూపం తప్పిస్తుంది. ఈ సౌకర్యం అన్ని భాషలకూ లేదు.

పదక్రమం కూడా మారుతుంది. ఇంగ్లీషులో ముందు వచ్చే పేరు తెలుగులో తరువాత రావచ్చు. కాబట్టి ఖాళీలకు వరుస సంఖ్యలు ఇవ్వాలి. వాక్యాన్ని ముక్కలుగా అనువదింపజేసి ప్రోగ్రాములో అతికించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

బహువచనాల విషయంలో యూనికోడ్ కన్సార్టియం నిర్వహించే సి.ఎల్.డి.ఆర్. సమాచారనిధి ఆధారం. దాని ప్రకారం తెలుగుకు రెండు రూపాలు, అరబిక్‌కు ఆరు, జపనీసుకు ఒక్కటే. "సందేశం-సందేశాలు", "ఊరు-ఊళ్లు" వంటి జంటలలో మాట రూపమే మారుతుంది. కనుక చివర ఒక అక్షరం చేర్చే ఇంగ్లీషు ఉపాయం ఇక్కడ పనికిరాదు. సంఖ్యలను కూడా 12,34,567 అని మన పద్ధతిలో విడదీయాలి.

లిపి

తెలుగులో ఒత్తులు క్రిందికి, గుడులు పైకి విస్తరిస్తాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి గీసిన బొత్తాములలో అవి తెగిపోతాయి. లిపిని చూపే వ్యవస్థలోనే లోపముంటే పరిణామం ఇంకా తీవ్రం. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరానికి సంబంధించిన ఒక సంకేతవరుస వస్తే ఐఫోన్లలో సందేశాల అనువర్తనాలు మూతపడిపోయాయి. ఆ వరుసలో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం ఉంది. మామూలుగా టైపు చేసే "జ్ఞానం" వంటి మాటలలో అది ఉండదు. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిచేసింది.