ఎవరి ఐక్యత? – డేనియల్ వెబ్‌స్టర్ వక్తృత్వం

మహావక్తల జీవితాలు చదివేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఆ గొంతు ఎవరిని కాపాడింది? అమెరికా రాజనీతిజ్ఞుడు డేనియల్ వెబ్‌స్టర్ విషయంలో ఈ ప్రశ్నను తప్పించుకోలేం.

వెబ్‌స్టర్ 1782లో న్యూహాంప్‌షైర్‌లో రైతు ఇంట పుట్టాడు. డార్ట్‌మత్ కళాశాలలో చదివి న్యాయవాది అయ్యాడు. ఆ కళాశాల తరఫున ఆయన వాదించిన కేసులో 1819లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, ప్రైవేటు కార్పొరేషన్లకు రాష్ట్ర ప్రభుత్వాల జోక్యం నుంచి రక్షణ కవచమైంది. 1830 జనవరిలో దక్షిణ కరోలినా సెనేటర్ రాబర్ట్ హేన్‌కు జవాబిస్తూ, స్వేచ్ఛనూ ఐక్యతనూ విడదీయలేమన్నాడు. ఆ ఉపన్యాసాన్ని తరతరాల బడిపిల్లలు కంఠస్థం చేశారు.

మరి, ఎవరి స్వేచ్ఛ?

బానిసత్వం దుర్మార్గమని వెబ్‌స్టర్‌కు తెలియక కాదు. 1820లో ప్లిమత్‌లో మాట్లాడుతూ బానిసల వ్యాపారాన్ని నిప్పులు చెరిగి ఖండించినవాడే. అయితే ఆయన ప్రాతినిధ్యం వహించిన మసాచుసెట్స్‌లో బట్టల మిల్లులు దక్షిణాది పత్తితో నడిచేవి. ఆ పత్తి పండించింది బానిసలు. మిల్లు యజమానులూ బోస్టన్ వర్తకులూ ఆయనకు అండ. 1833 డిసెంబరులో బ్యాంకు వివాదం సెనేట్‌లో నలుగుతుండగానే, ఆ బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్‌కు తన వకీలు ఫీజు గుర్తుచేస్తూ ఉత్తరం రాశాడు. ప్రజాప్రతినిధి గొంతుకీ, జీతం తీసుకునే వకీలు గొంతుకీ మధ్య గీత అప్పటికే చెరిగిపోయింది.

1850 మార్చి 7న సెనేట్‌లో ఆయన ఐక్యత పేరుతో, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టాన్ని సమర్థించాడు. సెప్టెంబరులో చట్టం వచ్చింది. పట్టుబడిన మనిషిని యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు! విదేశాంగ మంత్రి హోదాలో వెబ్‌స్టర్ ఆ చట్టం అమలుకు పట్టుబట్టాడు. 1851 ఏప్రిల్‌లో థామస్ సిమ్స్ అనే యువకుణ్ణి బోస్టన్ నుంచి కాపలా మధ్య జార్జియాకు పంపి, మళ్ళీ బానిసత్వంలోకి నెట్టారు.

వెబ్‌స్టర్ అంతర్యుద్ధాన్ని పదేళ్ళు వాయిదా వేశాడనీ, ఆలోగా ఉత్తరాది బలపడిందనీ ఆయన అభిమానులు అంటారు. కాదనను. కానీ ఆ పదేళ్ళ వెల ఎవరు చెల్లించారు? 1850లో 32 లక్షలున్న బానిసలు 1860 నాటికి 39 లక్షలు దాటారు. 1861లో యుద్ధం ఎలాగూ వచ్చింది.

వెబ్‌స్టర్ 1852 అక్టోబరులో చనిపోయాడు. అదే ఏడు జులై 5న రోచెస్టర్‌లో మరో వక్త లేచాడు. బానిసగా పుట్టి, 1838లో తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్. మీ స్వాతంత్ర్య దినం బానిసకు ఏమవుతుందని సభికుల్ని నిలదీశాడు. ఆయన గొంతు ఏ బ్యాంకుకూ, ఏ మిల్లుకూ తాకట్టు పడలేదు.

వాక్పటిమలో ఈ ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. వాళ్ళు ఎవరి పక్షాన నిలబడి మాట్లాడారన్నదే నాకు ముఖ్యం. సంకెళ్ళు వేసినవాణ్ణీ వేయించుకున్నవాణ్ణీ కలిపి ఉంచే ఐక్యతను ఎంత అందంగా వర్ణించినా, అది సంకెలకు వేసిన మెరుగే.