పల్లమెరుగని నీరు: హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సౌకర్యమూ కొరతా

హైదరాబాద్ కుళాయిల్లో వచ్చే నీటిలో ఎక్కువ భాగం ఎత్తిపోసిన నీరే. ఆ నీరు వచ్చే చోట్లలో కృష్ణా మీది నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. గోదావరి మీది ఎల్లంపల్లిది 148 మీటర్లు. నగరమేమో ఐదు వందల మీటర్లకు పైన ఉంది. నూరు కిలోమీటర్లకు మించి పైపుల్లో ప్రయాణించి, మూడు వందల మీటర్లకు పైగా ఎత్తెక్కితే గానీ ఈ నీరు మన సంపులో పడదు. 20 వేల లీటర్లను 350 మీటర్లు ఎత్తాలంటే, లెక్క ప్రకారమే 19 యూనిట్ల కరెంటు కావాలి. పంపుల్లో పోయే నష్టం కలుపుకుంటే పాతిక దాటుతుంది. ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. నలుగురున్న ఇంట్లో అది మనిషికి రోజుకు 167 లీటర్లు. నగరాల తాగునీటి సరఫరాకు జాతీయ ప్రమాణం 135.

వినియోగ సంస్కృతి మీద మన విమర్శలు సాధారణంగా దురాశ దగ్గరే ఆగిపోతాయి. జనం ఎక్కువ వాడుతున్నారు కనుక కొరత వస్తోందంటాం. అది నిజమే కానీ సగమే. కొరత వస్తోందని ముందుగా పసిగట్టే తెలివిని సౌకర్యం ఇంట్లోంచి తప్పించేస్తుందని, అసలు నష్టం అక్కడే ఉందని ఈ వ్యాసం వాదన.

1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరం దాహమూ తీర్చాయి. గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని ఇప్పటికీ అంటారు. తర్వాత 1965లో మంజీరా, 1990ల్లో సింగూరు, 2004లో కృష్ణా, 2015లో గోదావరి. నీరు వచ్చే చోటు దూరమైనకొద్దీ దగ్గరి చెరువు మీద పట్టింపు సడలింది. జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో 111 జీవో తెచ్చారు. నగరం ఇక వాటి మీద ఆధారపడి లేదన్న కారణం చూపి 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. అక్కరకు రాదనుకున్న చెరువును కాపాడాలన్న పట్టుదల సడలిపోయింది.

ఇదే క్రమం ఒక అపార్ట్‌మెంట్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సాయంత్రం వాచ్‌మన్ సంపు మూత ఎత్తి, కర్ర దించి, తడి ఎంతదాకా అంటిందో చూస్తాడు. రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీళ్లు (కృష్ణా నీళ్లయినా జనం నోట మంజీరాయే) ఈసారి ఎంతసేపు వచ్చాయో, బోరు ఎన్ని నిమిషాలకు గాలి కక్కిందో అతనికి తెలుసు. చాలకపోతే ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాడు. పైన నాలుగో అంతస్తులో షవర్ ధార మాత్రం సన్నబడదు. ట్యాంకర్ల ఖర్చు నెలాఖరున మెయింటెనెన్స్‌లో కలిసిపోయి, ఫ్లాట్ల లెక్కనో చదరపు అడుగుల లెక్కనో పంచబడుతుంది. ఒకే విస్తీర్ణమున్న ఫ్లాట్లలో ఇద్దరున్న ఇల్లూ, ఆరుగురున్న ఇల్లూ ఒకే మొత్తం కడతాయి. మీటరు గేటు దగ్గర ఒక్కటే ఉంటే ఎవరి వాడకం ఎంతో వాళ్లకే తెలియదు. నీటి సంగతి తెలిసినవాడికి నిర్ణయాధికారం లేదు, అధికారం ఉన్న కమిటీకి సంగతి తెలియదు. ఆర్.ఓ. యంత్రం లీటరు నీటికి రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతున్నా అంతే, ఆ సన్నని గొట్టం వైపు ఎవరూ చూడరు.

అలాగని బిందెల కాలాన్ని పొగడటం నాకు సమ్మతం కాదు. ఆనాటి పొదుపు ఆడవాళ్ల నడుముల మీద నడిచింది. వీధి కుళాయి దగ్గర తెల్లవారుజామున వరస కట్టింది వాళ్లే. అడుగున ఎన్ని చెంబులు మిగిలాయో చూసి వంటకా, స్నానానికా అని తేల్చిందీ వాళ్లే. ఆ చాకిరీ పోవడం మేలే. దాంతో పాటు కొలత కూడా పోవాల్సిన అవసరం లేదు.

చట్టం ఒక్కటే ఆ లోటు పూడ్చలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. వాన నీటి సేకరణను తమిళనాడు 2003లో తప్పనిసరి చేసింది. అయినా 2019 వేసవికి చెన్నై జలాశయాలు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తేవలసి వచ్చింది. ఇంకుడు గుంత తవ్వించడం అనుమతి కాగితంతో పూర్తయ్యే పని. ఏటా తొలకరికి ముందు అందులో పేరుకున్న ఒండ్రు తీయించడం మాత్రం నీటి మీద ధ్యాస ఉన్నవాళ్లే చేయగల పని.

2024 మార్చిలో బోర్లు ఎండిన బెంగళూరులో జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని, తోటలు తడపడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. వీధిలో జరిగే వాడకం కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి జరిమానా వేయగలిగారు. ఫ్లాటుకో మీటరు లేని భవనాల్లో, తలుపు వెనక జరిగే వాడకాన్ని ఏ ఉత్తర్వూ అందుకోలేదు. అక్కడ కోత విధించాలంటే అందరికీ ఒకేసారి వాల్వు కట్టేయడం తప్ప మార్గం లేదు, అప్పుడు రెండు బకెట్లతో సరిపెట్టుకునే ఇంటికీ స్నానాల తొట్టి ఉన్న ఇంటికీ పడే శిక్ష ఒకటే.