ఫిరంగి ఓడల దారిలో ట్లింగిట్ ఊళ్ళు



మన చరిత్ర గురించి ఈ గ్రూపులో చాలా రాసుకున్నాం. ఈసారి కొంచెం దూరం పోదాం. అమెరికాలో అలాస్కా రాష్ట్రం ఉంది కదా, దాని ఆగ్నేయ తీరానికి. అక్కడ సుమారు 1,100 దీవులు గుంపుగా ఉంటాయి. వాటి మధ్య సందుల్లోంచి పోయే సముద్రపు దారిని ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. ఎండాకాలంలో మూడు నాలుగు వేల మందిని మోసే పెద్ద ఓడలు అక్కడికి వస్తాయి. వాటితో పాటు యాభై అరవై మందిని, మహా అయితే వంద మందిని ఎక్కించుకునే చిన్న ఓడలు కూడా తిరుగుతాయి. పెద్ద ఓడ పట్టని సన్నటి నీళ్ళలోకి చిన్న ఓడ దూరగలదు. తిమింగలాలనూ మంచునదులనూ చూపించడంతో పాటు పాత కోటలు, ఫిరంగులు, యుద్ధం జరిగిన చోట్లు చూపించే యాత్రలు కూడా ఉన్నాయి.

ఆ దారి మనకెందుకు అంటారా? ఆ నీళ్ళన్నీ ట్లింగిట్ అనే ఆదివాసీలవి. వాళ్ళ మీదకి ఫిరంగులు వచ్చింది కూడా ఆ దారిలోనే. అందుకే ఓడ ఆగే ఒక్కో రేవు దగ్గరా మనమూ ఆగి, అక్కడ ఏం జరిగిందో చూద్దాం.

మొదటి రేవు సిట్కా.

1799లో రష్యన్ వ్యాపార కంపెనీ సిట్కాకి ఉత్తరంగా ఒక కోట కట్టింది. వాళ్ళకి కావలసింది సముద్రపు నీటికుక్క తోలు, చైనాలో దానికి మంచి ధర ఉండేది. వేటాడింది మాత్రం రష్యన్లు కాదు. అల్యూట్, అలూటిక్ దీవుల ఆదివాసీ మగవాళ్ళను బలవంతంగా పట్టుకొచ్చి, వాళ్ళ చేత వేటాడించేవారు. ఆ చోటు ట్లింగిట్లలో కిక్సాది అనే వంశానిది. 1802లో ట్లింగిట్లు కోట మీద పడి తగలబెట్టారు. ఆ దాడిలో రష్యన్లతో పాటు వాళ్ళు తెచ్చిన అల్యూట్ వేటగాళ్ళు కూడా పెద్ద సంఖ్యలో చచ్చిపోయారు. దీన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. పైవాడి లాభం కోసం ఆదివాసీ ఎదురుగా ఆదివాసీని నిలబెట్టడం అక్కడా జరిగింది.

రెండేళ్ళకి కంపెనీ పెద్ద బరానోవ్ తిరిగి వచ్చాడు. ఈసారి వందలమంది అల్యూట్లు, తోలు పడవలు, వీటికి తోడు నేవా అనే ఫిరంగుల ఓడ. కిక్సాదిలు ముందే ఊహించి, నది సముద్రంలో కలిసే చోట లేత మానులతో ఒక కోట కట్టుకున్నారు. దాని పేరు షిస్గి నూ, అంటే లేత చెట్ల కోట. అక్కడ నీళ్ళు లోతు తక్కువ, కాబట్టి ఓడ దగ్గరికి రాలేదు. గుండ్లు వచ్చి తగిలినా ఆ మానులు తట్టుకున్నాయి. అయితే యుద్ధానికి ముందే ఒక పెద్ద దెబ్బ తగిలింది. దాచిన తుపాకి మందుని దీవి నుంచి తెస్తున్న దోనె దారిలోనే పేలిపోయింది. అందులో ఉన్న ముఖ్యమైన యువకులు పోయారు, మందూ పోయింది.

అయినా 1804 అక్టోబరు 1న రష్యన్లు కోట మీదకి వస్తే కిక్సాదిలు తిప్పికొట్టారు. కల్యాన్ అనే వీరుడు కాకి రూపంలో చెక్కిన శిరస్త్రాణం పెట్టుకుని, కమ్మరి సుత్తి పట్టుకుని శత్రువు మధ్యలోకి దూకాడు. బరానోవ్‌కి గాయమైంది. తర్వాత రోజుల తరబడి నేవా ఫిరంగులు కాలుస్తూనే ఉంది. కోటలో మందు అయిపోతోంది. అప్పుడు పెద్దలు ఒక నిర్ణయం చేశారు. రాత్రి పూట ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలతో సహా అడవిలోకి నడిచి, కొండలు దాటి, దీవి అవతలి ఒడ్డుకి చేరారు. పెరిల్ జలసంధి దగ్గర కొత్త కోట కట్టుకున్నారు.

రష్యన్ పుస్తకాల్లో ఇది ‘శత్రువు పారిపోయాడు’. కిక్సాదిల నోటి కథల్లో ఇది ‘బతికించుకున్న నడక’. ఏది నిజం? తెల్లారి కోటలోకి వెళ్ళిన రష్యన్లకి దొరికింది ఖాళీ కోట. లొంగిపోయినవాళ్ళు లేరు, సంతకం పెట్టినవాళ్ళు లేరు. ఆ తర్వాత చాలా ఏళ్ళు రష్యన్లు సిట్కాలో తమ చెక్కగోడ దాటి నిశ్చింతగా తిరగలేకపోయారు. సుమారు 1822లో రష్యన్లే పిలిస్తే ట్లింగిట్లు వచ్చి కోట గోడ పక్కన ఊరు కట్టుకున్నారు. ఇన్ని జరిగాక ‘పారిపోయారు’ అనే మాట ఒక్కటే సరిపోతుందా?

ఈ నోటి కథలను ట్లింగిట్ పెద్దల గొంతుతో రికార్డు చేశారు. నోరా, రిచర్డ్ డావెన్‌హావర్ దంపతులు, లిడియా బ్లాక్‌తో కలిసి 2008లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో రష్యన్ కాగితాలూ ట్లింగిట్ కథలూ పక్కపక్కనే ఉంటాయి. 2021లో శాస్త్రవేత్తలు నేల తవ్వకుండానే రాడార్‌తో వెతికి, షిస్గి నూ కోట ఎక్కడుండేదో ప్రకటించారు. కల్యాన్ సుత్తీ, కాకి శిరస్త్రాణం ఇప్పటికీ సిట్కాలో చూడొచ్చు.

సిట్కాలోనే ఒక చిన్న గుట్ట ఉంది. 1867 అక్టోబరు 18న దాని మీద రష్యా జెండా దింపి అమెరికా జెండా ఎగరేశారు. అలాస్కా మొత్తానికి అమెరికా రష్యాకి 72 లక్షల డాలర్లు ఇచ్చింది. అమ్మినవాడికి ఆ భూమిలో ఉన్నవి కొన్ని కోటలే. కొన్నవాడు ట్లింగిట్లను అడగనే లేదు. 1907లో ట్లింగిట్ భూములు టాంగాస్ జాతీయ అడవి అయిపోయాయి. రిజర్వు ఫారెస్టు అనే మాట మనకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఓడ సిట్కా దాటి తూర్పు వైపుకి వెళ్తే కేక్ అనే ఊరు వస్తుంది.

1869 జనవరిలో సిట్కా నుంచి దోనెలో వెళ్ళిపోతున్న ట్లింగిట్లను అమెరికా కాపలా సైనికులు కాల్చి చంపారు. ట్లింగిట్ చట్టం ప్రకారం ప్రాణం పోతే ఆ వంశానికి పరిహారం కట్టాలి, కట్టకపోతే ప్రాణానికి ప్రాణం. పరిహారం రాలేదు. కేక్ మనుషులు ఇద్దరు తెల్ల వేటగాళ్ళను చంపారు. ఫిబ్రవరిలో సాగినా అనే నౌకాదళం ఓడ వచ్చింది. జనం ముందే ఊళ్ళు వదిలి అడవిలోకి వెళ్ళిపోయారు. నావికులు మూడు ఊళ్ళను, కోటలను, దోనెలను, దాచుకున్న తిండిని నాశనం చేశారు. ఆ చలిలో ఇల్లూ తిండీ లేక ఎంతమంది పోయారో లెక్క రాసినవాళ్ళు లేరు. ఇప్పటికీ అక్కడి ఒక అఖాతం పేరు సాగినా బే. ఊళ్ళు కాల్చిన ఓడ పేరే ఆ నీళ్ళకి పెట్టారు.

అదే ఏడాది డిసెంబరులో ర్యాంగెల్ వంతు. ఒక గొడవలో సైనికులు ఒక ట్లింగిట్ యువకుణ్ణి కాల్చి చంపారు. అతని తండ్రి పగబట్టి ఒక తెల్ల వ్యాపారిని చంపాడు. తండ్రిని అప్పగించమంటూ సైన్యం క్రిస్మస్ మర్నాడు మొదలుపెట్టి రెండు రోజులు తన కోట నుంచి ఊరి మీద ఫిరంగులు కాల్చింది. ఊరు బతకాలని ఆయన లొంగిపోయాడు. ఉరి తీశారు.

తిరుగు దారిలో ఆంగూన్. అందరికంటే ఎక్కువ నష్టపోయిన ఊరు ఇదే.

పక్కనే కిల్లిస్నూ అనే చోట ఒక కంపెనీ తిమింగలాల వేట నడిపేది. 1882లో ఆ పడవ మీద పేలుడు మందున్న ఈటె పేలి, టిత్ క్లేన్ అనే ట్లింగిట్ పెద్ద చనిపోయాడు. ఆయన వైద్యుడు, ఊరందరికీ గౌరవం ఉన్నవాడు. ఊరివాళ్ళు పని ఆపి, రివాజు ప్రకారం 200 కంబళ్ళు పరిహారం అడిగారు. కావాలని చంపినా, ప్రమాదంలో పోయినా, ఎవరి పనిలో ప్రాణం పోయిందో వాళ్ళు ఆ వంశానికి కట్టాలి. మన గూడేల్లో పెద్దలు కూర్చుని తప్పు కట్టించడం లాంటిదే. కంపెనీ దాన్ని తిరుగుబాటు అంది, నౌకాదళాన్ని పిలిచింది.

కమాండర్ మెరిమన్ ఓడలతో వచ్చాడు. పరిహారం మాట వినకపోగా, ఊరే 400 కంబళ్ళు జరిమానా కట్టాలన్నాడు. ఊరివాళ్ళు 81 మాత్రం తేగలిగారు. 1882 అక్టోబరు 26న దోనెలు పగలగొట్టారు, ఫిరంగులు కాల్చారు, దిగి ఇళ్ళు తగలబెట్టారు. ఆరుగురు పిల్లలు పొగకి ఊపిరాడక చనిపోయారు. చలికాలానికి ఎండబెట్టి దాచిన చేపలన్నీ కాలిపోయాయి. దోనె లేకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండి లేదు. ఆ రోజు బయట ఉన్న ఒకే ఒక్క దోనె మిగిలింది. ముందు భాగాన బీవర్ జంతువు బొమ్మ చెక్కిన దోనె అది. ఊరివాళ్ళు దానితోనే చేపలు పట్టుకుని, కట్టెలు తెచ్చుకుని ఆ చలికాలం గడిపారు.

కిల్లిస్నూ కథ అంతటితో అవలేదు. 1942లో జపాన్ సైన్యం అల్యూషన్ దీవుల మీదకి వచ్చినప్పుడు, అమెరికా ప్రభుత్వం ఆ దీవుల ఆదివాసీలను 881 మందిని ఓడల్లో ఎక్కించి ఈ తీరానికి తెచ్చి, పాడుబడ్డ చేపల ఫ్యాక్టరీల్లో పడేసింది. ‘రక్షణ కోసం’ అన్నారు. మంచి నీళ్ళు లేవు, వైద్యం లేదు. సుమారు పదో వంతు మంది చనిపోయారు. అట్కా దీవి వాళ్ళను పెట్టింది ఇదే కిల్లిస్నూలో. అప్పుడు వాళ్ళకి సాయం చేసినవాళ్ళు పక్క ఊరు ఆంగూన్ ట్లింగిట్లే. 1804లో ఫిరంగుల ఓడ ముందు ఎదురెదురుగా నిలబడ్డ జాతులు ఈసారి ఒకే ఒడ్డున ఉన్నాయి. అదే యుద్ధంలో ఐదుగురు ట్లింగిట్ సైనికులు తమ భాషనే రహస్య సంకేతంగా వాడి అమెరికా కబుర్లు చేరవేశారు. వాళ్ళ త్యాగానికి పతకాలు 2013లో వచ్చాయి. బడిలో మాట్లాడితే పిల్లల్ని దండించిన భాష అది!

ఇక లెక్కల సంగతి. భూమి కోసం ట్లింగిట్, హైదా జాతులు కోర్టుకెళ్ళాయి. 1935లో దావాకి అనుమతి వస్తే, డబ్బు తీర్పు వచ్చింది 1968లో. ఇచ్చింది 75 లక్షల డాలర్లు. వందేళ్ళ కిందట రష్యాకి ఇచ్చినదానికి కొంచెమే ఎక్కువ. ఆంగూన్ కాల్చినందుకు 1973లో 90,000 డాలర్లు ఇచ్చారు. డబ్బు ఇచ్చారు గానీ ‘తప్పు చేశాం’ అనలేదు. ట్లింగిట్ రివాజులో అది చెప్పకుండా తగవు తీరదు.

అందుకే ఊరు అడగడం మానలేదు. 1982లో నూరేళ్ళ కార్యం చేసింది. 1999లో న్యూయార్క్ మ్యూజియంలో పెద్దలు ఒక బీవర్ బొమ్మను గుర్తుపట్టారు. ఆ చలికాలం ఊరిని బతికించిన దోనె తాలూకుదే అది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. 2023లో ఆంగూన్ బడి పిల్లలు ఒక పెద్ద చెక్కుడు గురువుతో కలిసి, మాను తొలిచి దోనె చేసి నీళ్ళలో దింపారు. 1882 తర్వాత ఆ ఊళ్ళో తయారైన మొదటి మాను దోనె అదే.

చివరికి 2024 సెప్టెంబరు 21న కేక్‌లో, అక్టోబరు 26న ఆంగూన్‌లో అమెరికా నౌకాదళం ఆ ఊళ్ళకే వచ్చి, జనం ఎదుట క్షమాపణ చెప్పింది. 2025 జనవరిలో ర్యాంగెల్‌లో సైన్యం చెప్పింది. ఆంగూన్‌కి 142 ఏళ్ళు, కేక్‌కి, ర్యాంగెల్‌కి 155 ఏళ్ళు పట్టింది.

క్షమాపణతో అడవి తిరిగి రాదు, ఆరుగురు పిల్లలు తిరిగి రారు. అయినా ఇందులో ఒక విషయం మనం పట్టుకోవాలి. ‘తిరుగుబాటు అణచివేత’ అని ప్రభుత్వం కాగితాల్లో ఉన్న కథ, ‘మేము తప్పు చేశాం’ అని మారింది. ఎలా మారింది? ఎవరి దోనె, ఎవరి వంశం, ఎన్ని కంబళ్ళు, ఎంతమంది పిల్లలు అన్నది ఆ ఊరు తరం తరానికి చెప్పుకుంటూ వచ్చింది కాబట్టి. గుర్తు పెట్టుకున్నది వివరంగా ఉంది కాబట్టి ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

మన వైపు చూడండి. 1879 రంప పోరాటాన్ని కాగితాల్లో ‘పితూరీ’ అన్నారు, మనం కూడా అలాగే అంటున్నాం. 1922లో చింతపల్లి అడవుల్లో, 1940లో జోడెఘాట్‌లో, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో నాయకుల పేర్లతో చెప్పుకుంటాం. బాగుంది. కానీ ఏ గూడెం నుంచి ఎవరు వెళ్ళారు, ఎవరు తిరిగి రాలేదు, ఆ ఏడాది ఇంట్లో ఏం తిన్నారు? ఇవి తెలిసినవాళ్ళు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. మన చేతుల్లో ఫోన్లున్నాయి.

కాబట్టి మా మనవి ఒక్కటే. సెలవులకి ఊరికి వెళ్ళినప్పుడు తాతనో, అవ్వనో కూర్చోబెట్టి మన భాషలోనే చెప్పమనండి. కోయ, గోండి, కువి, సవర, ఏదైనా సరే. చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. ఊరి పేరు, మనుషుల పేర్లు, వాగు పేరు, ఆ వాగుకి పాత పేరు ఉంటే అది కూడా రాసి పెట్టండి. చెప్పినవాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే పదిమందికీ చూపించండి. అది వాళ్ళ సొత్తు.

ఆ దీవుల మధ్య చిన్న ఓడల్లో ఇప్పుడు తిరిగేవాళ్ళకి యుద్ధ చరిత్ర చూపించాలంటే, ఫిరంగి కాల్చినవాడి కాగితం ఒక్కటీ చాలడం లేదు. ఫిరంగి తగిలిన ఊరి మాట కూడా వినాలి. మన కొండల్లోకి రేపు ఎవరైనా చరిత్ర వెతుక్కుంటూ వస్తే, వినిపించడానికి మన మాట సిద్ధంగా ఉండాలి.

జై ఆదివాసీ. మీ ఊరి సంగతులు కింద రాయండి, అందరం చదువుదాం.