నువ్వు లెవెల్ ఎక్కితే దొంగ కూడా ఎందుకు ఎక్కుతాడు?

ఏ.ఎస్. రావు నగర్ నుంచి మళ్లీ వచ్చేశా. ఇవాళ్టి ఎపిసోడ్ ఆన్‌లైన్ ఆర్పీజీ ఆడే ప్రతి ఒక్కరికీ వచ్చే డౌట్ మీద. పది లెవెల్స్ కష్టపడి ఎక్కుతాం. తిరిగి చూస్తే దారిలో దొంగ కూడా మనతోపాటే ఎక్కేసి ఉంటాడు. మరి మనం ఎక్కింది ఎందుకు? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన ఏరియా నుంచే మొదలుపెడదాం. ఈ కాలనీకి ఆ పేరు వచ్చింది అయ్యగారి సాంబశివరావు గారి వల్ల. ఈసీఐఎల్‌ని నిలబెట్టింది ఆయనే. 1967లో మొదలైన ఆ సంస్థ రెండేళ్లలో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. కంప్యూటర్ అంటే గది నిండా ఉండే వస్తువు, దాన్ని నలుగురూ పంచుకోవాలి అన్న కాలం అది. అలా పంచుకునే కంప్యూటర్ మీదే 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే స్టూడెంట్ 'మడ్' అనే గేమ్ మొదలుపెట్టాడు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. నిధులు వెతికి తెచ్చి బురదగుంటలో పడేస్తే పాయింట్లు, పాయింట్లు పెరిగితే పై లెవెల్. ఏరుకోవడం, ఎక్కడం రెండూ అప్పటికే ఉన్నాయన్నమాట.

1997లో అల్టిమా ఆన్‌లైన్ వచ్చింది. అందులో కొండ తవ్వి ఖనిజం తీయాలి, కరిగించి ఇనుప కడ్డీ చేయాలి, కత్తి కొట్టాలి. గడ్డి తినే జంతువులు, వాటిని తినే జంతువులు అంటూ ఒక పూర్తి అడవిని కూడా ప్లాన్ చేశారు. ప్లేయర్లు లోపలికి రాగానే కనిపించిన ప్రతిదాన్నీ చంపేశారు! ఆ సిస్టమ్ నిలబడలేదు, తీసేయాల్సి వచ్చింది. ఏరుకునే చేతులు ఎన్ని వస్తాయో లెక్క వేయకపోతే ఏ అడవీ మిగలదు. ఆటలోనైనా, బయటైనా.

2001లో రూన్‌స్కేప్. బ్రౌజర్‌లోనే నడిచేది, అందుకే నెట్ కేఫ్‌లకి సరిగ్గా సరిపోయింది. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ వైపు కేఫ్‌లలో నేను దీన్ని ఆడా. చెట్టు కొట్టడం, చేపలు పట్టడం, మళ్లీ చెట్టు కొట్టడం. ఒక స్కిల్ 99కి చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి. తమాషా ఏంటంటే, 92వ లెవెల్‌కి చేరితే సగం దారి వచ్చినట్టు. మిగతా ఏడు లెవెల్స్‌కి ఇంకో సగం! కేఫ్‌లో గంట లెక్కన డబ్బులు కట్టేవాణ్ణి కాబట్టి, ఒక్కో దుంగ నాకు ఎంత పడిందో బాగా తెలుసు.

టైమ్‌కి ధర ఉందని తెలిశాక దాన్ని అమ్మేవాళ్లు వస్తారు. గేమ్ బంగారం పోగేసి అమ్మడం చాలా దేశాల్లో పనిగా మారింది. వెనిజులాలో కరెన్సీ కుప్పకూలినప్పుడు రూన్‌స్కేప్ బంగారం అమ్మి ఇల్లు గడుపుకున్నవాళ్లు ఉన్నారు. మనకి టైమ్‌పాస్, వాళ్లకి పూట గడవడం.

ఇక లెవెల్ స్కేలింగ్. ఇది మొదట మంచి ఉద్దేశంతోనే వచ్చింది. దోస్తు 30వ లెవెల్, నువ్వు 5. ఇద్దరూ కలిసి ఎలా ఆడతారు? 2004లో సిటీ ఆఫ్ హీరోస్ దీనికి దారి చూపించింది: చిన్న లెవెల్ వాణ్ణి పెద్దవాడి పక్కన దాదాపు అతని స్థాయికి లేపింది. 2006లో ఆబ్లివియన్ దీన్ని ఇంకోలా వాడింది. అది ఒక్కరే ఆడే గేమ్. నువ్వు పెరిగితే లోకమంతా పెరుగుతుంది. చివరికి దారిదోపిడీగాళ్లు కూడా రాజుల దగ్గర కూడా ఉండనంత ఖరీదైన కవచాలు వేసుకుని వచ్చి చిల్లర అడిగేవాళ్లు! ప్లేయర్లు నవ్వారు, తిట్టారు.

2012లో గిల్డ్ వార్స్ 2 దాన్ని తిరగేసింది. లోకాన్ని పెంచలేదు, చిన్న ఏరియాకి వెళ్తే నిన్నే తగ్గించింది. పైగా ఒక గనిని నువ్వు తవ్వినా పక్కవాడి వాటా పోదు. అంతకుముందు చాలా గేమ్స్‌లో ముందు ఎవరు తవ్వితే వాళ్లదే. ఒక్క మార్పుతో పోటీదారుడు తోడు అయ్యాడు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2016లో, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2018లో పాత ఏరియాలకి స్కేలింగ్ పెట్టాయి.

ఇప్పుడు అదంతా మీ ఫోన్‌లో ఉంది. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ చూడండి. వరల్డ్ లెవెల్ పెరిగితే శత్రువులు గట్టిపడతారు, దొరికే సరుకూ బాగుంటుంది. కానీ కొన్ని మెటీరియల్స్‌కి రెజిన్ కావాలి. అది 8 నిమిషాలకి ఒకటి నిండుతుంది. 200 నిండాలంటే 26 గంటల 40 నిమిషాలు. రోజుకోసారి ఫోన్ తీయాలనిపించే లెక్క అది. ఇంకో మాట: కో-ఆప్‌లో దోస్తు లోకంలోకి వెళ్తే పూలు, రాళ్లు అడిగి కోయండి. అక్కడ నువ్వు కోస్తే అతనికి మళ్లీ మొలిచేదాకా ఉండవు.

కాబట్టి నేను ఏ కొత్త గేమ్ చూసినా ఒకటే చూస్తా. ఈ స్కేలింగ్ నన్ను దోస్తులతో కలుపుతోందా, లేక ఉన్నచోటే పరుగెత్తిస్తోందా? మొదటిదైతే ఆడతా. రెండోదైతే, ఒకప్పుడు గంటకి డబ్బులు అడిగింది కేఫ్ అయినా కనిపించేది. ఇప్పుడు ఆ గంట ఎటు పోతోందో మనమే లెక్క వేసుకోవాలి.

మీ గేమ్ ఏది, అది ఏ రకమో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.